చేపపిల్లలకు జోకొట్టిన చెయ్యి

నీళ్ళకు జోకొట్టడం కోడలు అత్త దగ్గరే నేర్చుకుంది. వెడల్పు మూతి సత్తు బిందెల్లో గోరంతేసి చేపపిల్లలు. వాటిని పొదిగించే చోటి నుంచి చెరువుదాకా నాలుగు గంటల దారి. దారి పొడుగునా అరచేత్తో నీళ్ళమీద తడుతూనే ఉండాలి. తట్టినప్పుడల్లా ఇంత గాలి నీళ్ళలో కలుస్తుంది, దాన్ని పిల్లలు మొప్పలతో అందుకుంటాయి. "ఊళ్ళో పిల్లలు జోకొడితే పడుకుంటారు. మన పిల్లలు జోకొట్టకపోతే పోతాయి," అనేది అత్త.

ముప్పై ఏళ్ళు తట్టిన అత్త చెయ్యి ఇప్పుడు కట్టులో ఉంది. గట్టుమీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. అందుకే వ్యాను వెనక నాలుగు బిందెల మధ్య కోడలు ఒక్కతే కూర్చుంది. ఇవి పోతే ఈ అదనులో మళ్ళీ పిల్లలు దొరకవు. కౌలు చెరువు ఏడాదంతా ఉత్త నీళ్ళతో ఆకాశం చూస్తూ పడుంటుంది.

"కాసేపు దాన్ని తోలమని నువ్వెళ్ళి తట్టరా," అంది ముందు సీట్లోంచి అత్త.

"దానికి తోలడం వస్తే నిన్నూ నన్నూ దింపేసి పోతుందమ్మా," అన్నాడు వ్యాను తోలుతున్న కొడుకు.

తప్, తప్, తప్. చెట్ల నీడలు బిందెల మీదుగా పాకిపోతున్నాయి. కాసేపటికి చెయ్యెక్కడ అయిపోయిందో, నీళ్ళెక్కడ మొదలయ్యాయో కోడలికి తెలియలేదు. తను విడిచిన ఊపిరి దారిపక్క ఆకులు పుచ్చుకున్నట్టు, ఆకులు విడిచింది బిందెలోకి దిగినట్టు, అంతా ఒకటే గుక్క చేతులు మారుతున్నట్టు అనిపించింది.

టీకి ఆగినప్పుడు చూస్తే నీళ్ళమీద మురికిలా నురగ. అత్త కునుకులో ఉంది. ఎదురుగా బోరింగు. బియ్యం కడిగే చెయ్యి కదా, ఊరుకోలేదు. సగం నీళ్ళు తోడేసి, నాలుగు బిందెల్లోనూ అద్దంలాంటి చల్లటి నీళ్ళు నింపింది.

క్షణంలో పిల్లలన్నీ పైకొచ్చేశాయి. వేల నోళ్ళు, ఆవగింజలంతేసి, తెరుచుకుని.

"అత్తయ్యా!"

అత్త పరుగున వచ్చి నీళ్ళలో వేలు ముంచింది. "ఎక్కడివే ఇవి?"

"బోరింగువి. తేటగా ఉన్నాయని..."

"తేటగా ఉంటే సరా? భూమి కడుపులో మగ్గిన నీళ్ళు, గాలి మొహమెరగవు! ఎత్తునుంచి పొయ్యి!"

కోడలు చెంబు ముంచి, తలకంటే ఎత్తుకెత్తి వంచింది. టీ గ్లాసు పారేసి మొగుడూ అందుకున్నాడు. అత్త ఎడంచేత్తో తట్టసాగింది. ఎండ నీటిధారల్లోంచి దారాలు దారాలుగా దిగింది. ఎన్ని చెంబులో, ఎంతసేపో. ఒక నోరు మూసుకుంది, ఇంకొకటి. పిల్లలు మెల్లగా లోపలికి జారాయి.

చెరువులో బిందెలు ఒరగదీస్తే, చెరువునీళ్ళు లోపలికొచ్చాయి, పిల్లలు బయటికెళ్ళాయి. బిందెల అడుగున తెల్లగా దోసెడు మిగిలాయి. కోడలు తలెత్తలేదు.

"నా మొదటి తడవ బిందెడు పోయాయి," అంది అత్త. "మీ మామ వారం రోజులు మాట్లాడలేదు. హాయిగా ఉండింది."

తిరుగుదారిలో అత్త కూడా వ్యాను వెనకే కూర్చుని కోడలి భుజంమీద తల వాల్చింది. ఖాళీ బిందెలు గలగలమంటున్నాయి. కోడలి చెయ్యి దానంతటదే అత్త వీపుమీద తట్టడం మొదలెట్టింది.

"నేనేమన్నా చేపపిల్లనా?"

"ఊపిరాడుతోందా అత్తయ్యా?"

సన్నటి గురక వచ్చింది. అయినా ఆ చెయ్యి ఆగలేదు.