కార్డు యాడ సార్?

సారం అనే పేటలో కారు సీట్లకు కవర్లు కుట్టే ఆ కంపెనీలోకి కాన్‌బాన్ అనే జపాను మాటను మోసుకొచ్చింది మేనేజరు ఉమామహేషే. సీట్లకు బిగించేవాళ్ళ దగ్గర కవర్లు అయిపోతే, ఖాళీ డబ్బాలో పసుపు కార్డు పెట్టి కుట్టేవాళ్ళకు పంపుతారు. కార్డు మీద ఎన్నుంటే అన్నే కుట్టాలి. కార్డు రాకపోతే చేతులు ముడుచుకు కూర్చోవాలి. అలా కూర్చోవడం కూడా పనేనని యానాం నుంచి వచ్చిన ఉమామహేష్ మూడు రోజులు క్లాసు పీకాడు.

కుట్టేవాళ్ళలో జయమ్మాళ్‌కు ఆ పద్ధతి నచ్చింది. పదకొండేళ్ళ కాంట్రాక్టు పనిలో ఆమెను ఎవరూ తొందరపెట్టి తరమకుండా ఆపింది ఆ అట్టముక్క ఒక్కటే.

ఒక మధ్యాహ్నం ఉమామహేషే వచ్చి, రేపు హెడ్డాఫీసు వాళ్ళు వస్తున్నారనీ, అరలు బోసిగా ఉంటే బాగుండదనీ, సాయంత్రానికి రెండు వందలు కుట్టేయమనీ చెప్పాడు. కార్డులు తర్వాత రాసుకుందామన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. పోయిన ఏడాది పక్క మిషను శివగామి ఇలాగే ఇతని నోటిమాట మీద మూడు వందలు కుట్టింది. ఇంతలో కారు మోడల్ మారి అంతా చెత్తకు పోయింది. కార్డు లేదు కనుక తనంతట తానే కుట్టిందని కాగితం రాసి ఆమెను ఇంటికి పంపారు. ఆ కాగితం రాసింది ఇతనే.

"కార్డు యాడ సార్?" అంది జయమ్మాళ్.

ఉమామహేష్ నవ్వాడు. ఆమెను పర్మనెంటు చేసే ఫైలు తన టేబుల్ మీదే ఉందనీ, ఆలోచించుకోమనీ మెత్తగా చెప్పాడు. ఆమె ఆ ఉద్యోగం కోసం జ్వరంలో కూడా సెలవు పెట్టని మనిషి. అయినా చెయ్యి చాచి మిషను ఆపేసింది.

"కార్డు రాసి కింద మీ చేవ్రాలు పెట్టండి. ఐనూరైనా కుట్టి ఇస్తా."

చుట్టూ మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. అందరూ చూస్తుంటే తప్పక అతను కార్డు తీసి రెండు వందలని రాశాడు. సంతకం దగ్గర పెన్ను ఆగిపోయింది.

"శివగామి పేరు రాసేటప్పుడు మీ చెయ్యి ఇట్ల నిలవలేదే సార్."

అతను కార్డు చించేసి వెళ్ళిపోయాడు.

మరుసటి నెల పర్మనెంటు జాబితా గోడకు అంటించారు. జయమ్మాళ్ పేరు లేదు. ఏడుపొచ్చింది, కోపం అంతకన్నా ఎక్కువొచ్చింది. మిషను దగ్గరికి వస్తే డబ్బాలో వంద కవర్లకు కార్డు ఉంది, కింద సంతకం లేదు. దాన్ని తీసుకుపోయి ఉమామహేష్ టేబుల్ మీద పెట్టి, చేవ్రాలు పెట్టమంది. పెట్టేదాకా కదలనంది. వెనక తొమ్మిది మంది తమ కార్డులతో వరుసలో నిలబడ్డారు.

ఈసారి అతను పెట్టాడు.