నడుము నొప్పి

తడిబట్టల బక్కెట్టు ఎత్తినప్పుడల్లా నా లోపలినుంచి ఏదో జారి తొడల మధ్యకు దిగుతుంది. గోడకు ఆనుకొని, ఎవరూ చూడకుండా వేళ్లతో పైకి నెట్టుకొని, మళ్లీ బట్టలు ఆరవేస్తాను. ప్రార్థనకు నిలబడినా అక్కడి తడి తెలుస్తూనే ఉంటుంది. భగవంతుని ఎదుట తల ఎత్తలేను. ఒకసారి అత్తగారితో చెప్పుకొన్నాను. ముగ్గురిని కన్నదానికి ఆ మాత్రం ఉంటుందని, నలుగురిలో నోరు జారితే నవ్విపోతారని ఆమె మందలించారు. నోరొక్కటే నాకు జారనిది.

మావారు పండితులు, నిఘంటువు కూరుస్తున్నారు. చూపు మందగించినందున అచ్చుకు వెళ్లవలసిన ప్రతి పుటనూ నేనే పైకి చదవాలి. ఉచ్చారణ తప్పితే ఆయన దిద్దుతారు. పొయ్యి మీద గిన్నె మాడుతున్నా పిలుపు వస్తే వెళ్లవలసినదే. ఒక ఉదయం పని యకారం దాకా వచ్చింది. ఎదురుగా ఇద్దరు శిష్యులు. 'యోని' అన్న పదం దగ్గర ఆగాను. దాటవేసి కింది పదం అందుకొన్నాను. ఆయన పట్టేశారు.

"వెనక్కి వెళ్లు. శాస్త్రానికి సిగ్గేమిటే? గట్టిగా చదువు."

చదివాను. కలయికను చెప్పే ధాతువునుంచి పుట్టినదట. పుట్టుకచోటు, మూలం, గని, నీరు, ఇల్లు. స్త్రీ అవయవమన్న అర్థం అన్నిటికంటె చివర ఉన్నది. సృష్టికే ఆధారమని ఆయన వ్యాఖ్యానిస్తుంటే శిష్యులు తలలూపారు. నాకు చెవులు కాలిపోయాయి. ఇల్లు అన్నచోటే నా మనసు ఆగిపోయింది. కూలుతున్న ఆ ఇంటిని చేత్తో నిలబెట్టుకొంటున్నదాన్ని నేనే గదా, అందులో ఏమవుతున్నదో ఈ గదిలో ఒక్కరికీ తెలియదే అనుకొన్నాను.

తరువాత కొద్దిరోజులకే బక్కెట్టు పక్కన కూలబడ్డాను. చీరకు నెత్తురు అంటింది. ఆయన డాక్టరమ్మ దగ్గరకు తీసుకువెళ్లారు. ఆమె నన్ను అడిగితే ఆయన జవాబు చెప్పారు.

"నడుము నొప్పండీ. వయసు కదా."

ఆమె మాత్రలు రాయబోయింది. ఆ చీటీతో ఇల్లు చేరితే మళ్లీ ఆ గోడే నాకు దిక్కు.

"నడుము కాదమ్మా. కింద," అన్నాను.

"కాళ్లా?"

ఆయన చేయి నా మోచేతిని నొక్కింది. "పరాయివాళ్ల ముందు ఏమిటే అది," అని గొణిగారు.

తల ఎత్తే ధైర్యం రాలేదు. నేలను చూస్తూనే, ఆయనకు పుటలు వినిపించే గొంతుతో, అక్షరం తడబడకుండా గట్టిగా పలికాను.

"యోనిలోంచి గర్భసంచి జారుతోందమ్మా. ఏళ్లుగా చేత్తో నెట్టుకుంటున్నాను."

డాక్టరమ్మ కలం కింద పెట్టి, ఆయనను బయట కూర్చోమన్నది. సిగ్గు నన్ను వదలలేదు. ముఖం మండుతూనే ఉన్నది. అలవాటు చొప్పున ఆయన దిద్దుబాటు కోసం ఎదురుచూశాను. ఆయన ఏమీ దిద్దకుండానే లేచి బయటకు నడిచారు.