ఫ్రిజ్ పెట్టెలో టికెట్టు

మా ఆయనకి ఇద్దరు పిల్లలు, లెక్కలేనన్ని అట్టపెట్టెలు. ఎవరి మీద ప్రేమ ఎక్కువో అడిగి ఆయన్ని ఇరుకున పెట్టడం నాకిష్టం లేదు. ఈ దేశం వచ్చి నాలుగేళ్ళయింది. ఫ్రిజ్ కొన్నా, మిక్సీ కొన్నా, చివరికి ఇస్త్రీపెట్టె కొన్నా, వస్తువు వాడకంలోకి, దాని పెట్టె రెండో పడగ్గదిలోకి. "తిరిగి వెళ్ళేటప్పుడు సామాను సర్దుకోవద్దూ?" అంటారు. నా పుట్టినరోజు ఎప్పుడో ఆయనకి ఫోన్ గుర్తుచేయాలి. మిక్సీ పెట్టెలో ఏ థర్మోకోల్ ముక్క ఏ వైపు దూరుతుందో మాత్రం కళ్ళు మూసుకుని చెబుతారు.

అలా పెట్టెలకి ఒక గది ఉంది. పిల్లలకి లేదు. వాళ్ళకున్నది హాలే. ఆ హాలు కిందే ఒక నర్సమ్మ పడగ్గది. ఆవిడకి రాత్రి డ్యూటీ, పగలు నిద్ర.

మా పెద్దదానికి ఐదేళ్ళు. ఏ మాటన్నా ఎదురు వాదన సిద్ధంగా ఉంటుంది గనక లాయరమ్మ అంటాం. చిన్నవాడికి మూడు. వాడికి నడక రాదు, పరుగే వచ్చు. వాడి పేరు పిడుగు. పిడుగు సోఫా మీంచి పడ్డప్పుడల్లా కింద నర్సమ్మ ఉలిక్కిపడి లేచేది, పాపం.

ఆవిడ బిల్డింగు మేనేజరుకి ఒకసారి ఫిర్యాదు చేసింది. తర్వాత ఇంకోసారి. ఆ ఇంకోసారి పిల్లల్ని ఆడిస్తున్నది ఈయనే. గుర్రమై హాలంతా దౌడు తీశారు. ఆ సంగతి ఆయన మరిచిపోయారు గానీ నేను భద్రంగా దాచుకున్నాను. మళ్ళీ ఫిర్యాదు వస్తే ఇల్లు ఖాళీ చేయాల్సిందేనని మేనేజరు గుమ్మంలో నిలబడే చెప్పి వెళ్ళాడు. ఈ ఇల్లు దొరకడానికి ఎన్ని మెట్లెక్కి దిగామో నా మోకాళ్ళకి తెలుసు.

సరిగ్గా అప్పుడే బడికి సెలవులు. బయట వదలని వాన.

"కాస్త కదలకుండా కూర్చోబెట్టవోయ్ వాళ్ళని. ఆ టాబ్ ఇచ్చెయ్," అన్నారు.

"టాబ్ ఒకటి, పిల్లలు ఇద్దరు. పరుగెడితేనే నయం, చప్పుడు తక్కువ."

"పిల్లల్ని ఆడించడం కూడా ఒక పనేనా? మా ఆఫీసుకొచ్చి చూడు, పనంటే ఏంటో తెలుస్తుంది."

"ఆ గది ఖాళీ చేసివ్వండి, నేనూ చూపిస్తా."

"పెట్టెలు ముట్టుకోకు! తిరిగి వెళ్ళేటప్పుడు..."

"ఎప్పుడు వెళ్తున్నాం?"

"వెళ్తాంగా, ఎప్పుడో ఒకప్పుడు."

పిల్లలు మాత్రం ఇప్పుడే ఆడుకుంటామంటున్నారు.

మర్నాడు ఆయన బస్సెక్కడం కిటికీలోంచి చూసి, రూఢి చేసుకుని, కూరగాయల కత్తితో ఆ గదిలోకి వెళ్ళాను. డిగ్రీలో నాది ఫిజిక్సు. చప్పుడు మెత్తటి పొరల్లో ఇంకిపోతుందని పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఎందుకు పట్టానో ఆరోజు తెలిసింది. పెట్టెలు కోసి, చదును చేసి నేలంతా పరిచాను. వాటి మీద మా అమ్మ కుట్టిన బొంతలు. ఆ బొంతల మీద మళ్ళీ అట్టలు.

పిడుగుని కుర్చీ ఎక్కించి, "దూకు," అన్నాను.

వాడు నావైపు అనుమానంగా చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నా నోట వినడం వాడికదే మొదలు. దూకాడు. ధబ్‌మనాల్సిన నేల ఉస్సుమంది.

టీవీ పెట్టె బస్సయింది. ఫ్రిజ్ పెట్టెని మాత్రం కోయకుండా పడుకోబెట్టి, రెండు కొసలూ తెరిచాను. అది సొరంగం. లాయరమ్మ టికెట్ కలెక్టరు.

"టికెట్టుకి ఏమివ్వాలమ్మా?"

"చేసిన తప్పొకటి చెప్పాలి. నిజంగా," అన్నాను అమాయకంగా.

మధ్యాహ్నానికల్లా రిమోట్ ఏ బూటులో ఉందో, గోడ మీద ఏనుగు ఎవరు గీశారో బయటపడ్డాయి.

సాయంత్రం ఆయన వచ్చి ఆ గది గుమ్మంలో కొయ్యబారిపోయారు.

"ఫ్రిజ్ పెట్టె..." అన్నారు.

"ఎక్కడికీ పోలేదండీ. నడుం వాల్చింది, అంతే."

"నాలుగేళ్ళు దాచాను!"

"నాలుగేళ్ళూ ఖాళీగానే ఉంది. ఇవాళే అందులోకి మనుషులొచ్చారు."

ఆయన ఏదో అనబోతుంటే కాలింగ్ బెల్ మోగింది. తలుపు కన్నంలోంచి చూసి వెనక్కి తిరిగారు, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నర్సమ్మ! అయిపోయింది. ఇక సామాను సర్దు. సర్దడానికి పెట్టెలు కూడా లేకుండా చేశావు!"

తలుపు తీశాను. ఆవిడ చేతిలో నారింజపళ్ళ సంచి ఉంది.

"పిల్లలకి ఒంట్లో బాలేదా?" అంది కంగారుగా. పొద్దుటి నుంచీ పైన చడీచప్పుడు లేదట. ఎన్నాళ్ళకో కడుపునిండా నిద్రపోయి లేచి, జ్వరం కాబోలని భయపడి పరుగెత్తుకొచ్చిందట.

జవాబుగా పిడుగు లోపల కుర్చీ మీంచి దూకాడు. ఉస్సు.

లాయరమ్మ ఆవిడని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. టికెట్టు సంగతి నేను ఆవిడ భాషలో చెప్పాను. నర్సమ్మ మోకాళ్ళ మీద వంగి, పొద్దున బస్సులో కునుకు తీసి తన స్టాపు దాటిపోయానని ఒప్పుకుని, ఇటు దూరి అటు తేలింది. వెళ్తూ వెళ్తూ, "మా ఇంట్లో వాషింగ్ మెషిన్ పెట్టె ఉంది, కావాలా?" అంది.

మా ఆయన కళ్ళు మెరిశాయి.

"పిల్లలకి," అన్నాను, ఆయన నోరు తెరిచేలోపే.

"నాన్నా, నీ వంతు!" అని పిడుగు ఆయన్ని వెనకనుంచి తోశాడు. ఆయన ఆఫీసు ప్యాంటుతోనే దూరారు. సగందాకా వెళ్ళాక భుజాలు పట్టేశాయి. అటు కొసన లాయరమ్మ అడ్డంగా కూర్చుంది.

"టికెట్?"

"నిన్న పెరుగు గిన్నె మీద మూత పెట్టలేదు."

"అది చిన్న తప్పు. నువ్వు పెద్దాడివి. పెద్దది చెప్పు."

"ఈ రూలు ఎవరు పెట్టారే?"

"అమ్మ."

పెట్టె రెండుసార్లు అటూ ఇటూ ఊగింది. తర్వాత గొంతొక్కటే వచ్చింది.

"పిల్లల్ని ఆడించడం ఒక పనేనా అన్నాను. తప్పు. ఈ గది ఇన్నాళ్ళూ మీకివ్వకుండా పెట్టెలకిచ్చాను. అది ఇంకా పెద్ద తప్పు."

లాయరమ్మ తీర్పు కోసం నావైపు చూసింది. అట్ట చప్పుడుని బాగా పీల్చేస్తుంది కదా, ఇటుదాకా ఏం వినపడుతుంది?

"కొంచెం గట్టిగా చెప్పండి," అన్నాను.

ఫ్రిజ్ పెట్టె అదిరిపోయింది.

"తప్పు నాదేనమ్మా తల్లీ, నాదే!"