నాలుగో అక్షరం

మౌలాబీ సూదిని గుడ్డ కిందనుంచి పైకి లాగి, పక్క గడి మీదుగా ఏటవాలుగా దించింది. ఇంకో ఇరవై కుట్లు వేస్తే చివరి అక్షరం పూర్తవుతుంది. పొద్దున్నుంచీ ఎడమచెయ్యి బరువుగా ఉంది. చట్రాన్ని మోకాళ్ళకు ఆనించుకుని కుడిచేత్తోనే కుట్టింది. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు కిటికీలోంచి వస్తోంది. దగ్గిన ప్రతిసారీ రొమ్ము మధ్య ఏదో బిగుసుకుని, చాలాసేపటికి గానీ వదలడం లేదు.

అద్దంకి చుట్టుపక్కల బడుల్లో అ నుంచి అః దాకా ఆమె కుట్టిన అక్షరాలు గోడలకు వేలాడుతున్నాయి. ముప్పై ఏళ్ళ క్రితం మేనత్త సర్దార్‌బీ నేర్పిన పని అది. మొదటి అక్షరానికి అడ్డంగా పదకొండు గళ్ళు, రెండోదానికి పదమూడు. మేనత్త గళ్ళ లెక్క నేర్పింది గానీ చదువు నేర్పలేదు. ఆవిడకూ రాదు. తనకు చదువు రాదన్న సంగతి మౌలాబీ ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నవాడు కూడా తెలియకుండానే పోయాడు.

నాలుగు రోజుల క్రితం ఊళ్ళో వైద్యశిబిరం పెట్టి, ఆమె ఛాతీకి తీగలు తగిలించి చూశారు. నిన్న ఆమె దారాలు కొనడానికి వెళ్ళినప్పుడు నర్సమ్మ తలుపు సందులో చీటీ పెట్టి వెళ్ళింది. మౌలాబీ దాన్ని వెలుగులో పట్టుకుని చూసింది. రెండో అక్షరం కనిపించింది. నాలుగోదీ కనిపించింది. తక్కినవాటికి కొమ్ములూ తోకలూ ఉన్నాయి, తన వరసలో లేనివి. పక్కింటి షిరీన్‌ను అడుగుదామని గడప దాకా వెళ్ళింది. షిరీన్ తన కూతురిచేత ఈమె గుడ్డనే చూపించి అక్షరాలు దిద్దించింది. మౌలాబీ వెనక్కి వచ్చేసింది.

గుడ్డ మడిచి చంకన పెట్టుకుని బడికి బయల్దేరింది. దారిలో మూడుచోట్ల ఆగింది.

తేజశ్రీ టీచర్ గుడ్డను గోడకు తగిలించి మురిసిపోయింది.

“ఎంత ముచ్చటగా ఉన్నాయండీ! ఇంత గుండ్రంగా నాక్కూడా రావు మౌలాబీ గారూ.”

అప్పటికే మౌలాబీ కొంగుముడి విప్పి చీటీ తీసింది. “టీచరమ్మా, ఇది కాస్త...”

“ఏంటండీ?”

పిల్లలందరూ ఆమెనే చూస్తున్నారు.

“ఏం లేదులేమ్మా. పిల్లలు చదువుతుంటే కాసేపు కూచుని వింటా.”

“చెమటలు పట్టాయేంటి? మంచినీళ్ళు తాగుతారా?”

“ఎండన పడొచ్చా గదా. అదే తగ్గుద్ది.”

ఆమె వెనక గోడకు చేరగిలబడి కూర్చుంది. టీచర్ బెత్తంతో చూపిస్తుంటే పిల్లలు అరిచి చదివారు. “అ... ఆ... ఇ... ఈ...” మౌలాబీ పెదవులు కదిలాయి. చీటీలో నాలుగో అక్షరాన్ని వెతికి, దానిమీద వేలు పెట్టింది.

“ఈ,” అంది మెల్లగా.

పిల్లలు చివరి వరసకు వచ్చేసరికి ఆమె పెదవులు కదలడం లేదు.

కునుకు పట్టిందనుకుని టీచర్ పిల్లల్ని గొంతు తగ్గించమంది. అన్నం గంట కొట్టాక భుజం తట్టింది. తల పక్కకు వాలిపోయింది. ఒళ్ళు చల్లగా ఉంది. వేలికింది చీటీని తేజశ్రీ లాగి చదివింది.

‘మౌలాబీ గారూ, గుండెలో తేడా కనిపించింది. ఆలస్యం వద్దు. ఈ రోజే గుంటూరు వెళ్ళండి.’

కింద నిన్నటి తేదీ ఉంది.

షిరీన్ వాళ్ళు వచ్చి ఆమెను ఆటోలో తీసుకెళ్ళారు. పిల్లల్ని ఇళ్ళకు పంపేశారు. బడి గుమ్మం ముందు ఒక్క జత చెప్పులు మిగిలాయి. తెగిన పట్టీలను ఎర్రదారంతో, ఒక్క కుట్టూ వంకర పోకుండా, అడ్డకుట్లు వేసి కలిపిన చెప్పులు.