నేను చూపినదీ, ఆమె రాసినదీ

నేను ఒక బీపీ మిషన్ని. గాజు గొట్టంలో పాదరసం ఎక్కి దిగే పాత రకాన్ని. విజయనగరం జిల్లాలోని ఒక జూట్ మిల్లు సామాన్ల గదిలో, విరిగిన కుర్చీల మధ్య ఇప్పుడు నా మకాం.

నన్ను తయారు చేసిన పనివాడు గొట్టాన్ని వెలుతురుకు పెట్టి, పాదరసం సున్నా దగ్గర కుదురుగా నిలిచేదాకా వదల్లేదు. అందుకే నాకు అబద్ధం చేతకాదు.

నేను మిల్లు ఆసుపత్రి గదికి వచ్చిన కొత్తలో అందరూ పర్మినెంటు కార్మికులే. పెళ్లికో తీర్థానికో సెలవు కావాలంటే మూలుగుతూ వచ్చేవారు. డాక్టరుగారు నన్ను వాళ్ల చేతికి చుట్టి, అంకె చూసి, నవ్వి పంపేసేవారు. బాగున్నవాళ్లు జబ్బు నటించిన రోజులవి. మంచి రోజులే.

తర్వాత మిల్లువాళ్లు పనంతా ఒక కాంట్రాక్టరుకు అప్పగించారు. డాక్టరు రావడం మానేశారు. నర్సు ఎస్తేరు ఒక్కతే మిగిలింది. ఆమెదీ కాంట్రాక్టు ఉద్యోగమే. కార్మికులకు మూడు నెలలకోసారి పరీక్ష పెట్టారు. పై అంకె నూట అరవై దాటితే గేటు పాసు మళ్లీ ఇవ్వరు. ఇక జబ్బున్నవాళ్లు ఆరోగ్యం నటించడం మొదలైంది.

కోరాడ పైడయ్యకు నలభై రెండేళ్లు. నూలు వడికే యంత్రం మీద పదహారేళ్లుగా పనిచేస్తున్నాడు. మిల్లు మూసేస్తారన్న పుకారు పుట్టిన ఏడాది అతని చేతిమీద మొదటిసారి నూట డెబ్బై చూపించాను.

"నిద్ర పడుతోందా?" అని అడిగింది ఎస్తేరు.

"ఏటి నిద్దరమ్మా! కన్ను మూస్తే గేటు కాడ పేర్లు సదువుతున్నట్టే ఉంటాది. నా పేరు రాదు."

"మాత్రలు వేసుకోవాలి పైడయ్యా."

"జేబులో మాత్ర కనబడితే సూపర్‌వైజరు ఊరుకుంతాడా? నూట ముప్పై ఎనిమిదని రాసీ తల్లీ. ఆడపిల్లలిద్దరు సదువుకుంతన్నారు."

ఆమె కలం తీసింది. రిజిస్టరులో అలాగే రాసింది.

మూడు నెలల తర్వాత నూట ఎనభై నాలుగు. మళ్లీ నూట ముప్పై ఎనిమిదే రాసింది. ఆ తర్వాతిసారి నాలో పాదరసం రెండువందల ఆరు దగ్గర కొట్టుకుంది. ఎస్తేరు భయపడిపోయింది.

"ఇది నేను రాయలేను. ఇప్పుడే పెద్దాసుపత్రికి పో."

"ఎళ్తే పని పోతాది. పని పోతే ఈ నంబరు తగ్గుద్దేటమ్మా?"

ఆమె మళ్లీ నూట ముప్పై ఎనిమిదే రాసేసింది.

పదకొండో రోజు పైడయ్య యంత్రం పక్కనే కూలిపోయాడు. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. అతని భార్య ఎర్నమ్మ గదికి వచ్చి ఏడుస్తుంటే కాంట్రాక్టరు రిజిస్టరు తెరిచి చూపించాడు.

"మొన్ననే చూశారు కదమ్మా, నిక్షేపంగా ఉన్నాడు. మధ్యలో మాకేం సంబంధం?"

ఎర్నమ్మ ఎస్తేరు వైపు చూసింది. ఎస్తేరు నన్ను మడిచి పెట్టెలో పెడుతూ తల ఎత్తలేదు. నిజం చెబితే రేపటినుంచి ఆమెకూ గేటు తెరుచుకోదు. నాకు నిజం తెలుసు. నోరు లేదు.

ఆరు నెలలకు పైడయ్య కాలీడ్చుకుంటూ వచ్చాడు. తుడిచే పనైనా ఇమ్మని అడగడానికట. కుడిచెయ్యి చాపాడు. నూట ఇరవై ఎనిమిది చూపించాను.

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"ఇప్పుడు దాసుకోడానికేటుందమ్మా? అందరి ముందరే ఏసుకుంతన్నాను."

అతని పేరు పక్కన ఎస్తేరు మొట్టమొదటిసారి ఉన్నదున్నట్టు రాసింది. కాంట్రాక్టరు రిజిస్టరు చూడనేలేదు. కాలు చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

పైడయ్య వెళ్లిపోయాక ఎస్తేరు తలుపు గడియ పెట్టి, నన్ను తన చేతికే చుట్టుకుంది. నూట డెబ్బై ఎనిమిది. ఆ అంకెను ఎక్కడా రాయలేదు. గాలి వదిలేసి, కొంగుతో మొహం తుడుచుకుని, గడియ తీసింది.

"తర్వాత ఎవరు?" అంది.