మూడో అధ్యాయం

మా ఖబరస్తాన్‌లో గోరీలకు రాళ్లుండవు. మట్టి పోసి, తలవైపు ఒక పచ్చికొమ్మ గుచ్చి వచ్చేస్తాం. నాలుగు వానలు పడితే నేల సగం చదునవుతుంది. ఎవరు ఎక్కడున్నారో చెప్పేది ఒక్క రిజిస్టరే.

దాన్ని హయాత్ మాస్టారు ముప్పై ఏళ్లు రాశారు. రిటైరయ్యాక అంతా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. చెదలు తిన్న పాత పుస్తకంలో అల్లా పేరుంది, చెత్తలో వేయకూడదని గుడ్డలో చుట్టి భూమిలో పెట్టించారు. అలా చేయడం మా ఆచారమే కాబట్టి ఎవరూ కాదనలేదు. ఆయన పోయాక మసీదు కమిటీ కార్యదర్శిగా నన్ను కూర్చోబెట్టారు. కనిగిరి రోడ్డు మీద పరుపులు కుట్టుకునేవాణ్ణి, పదో తరగతి దాకా చదివాను. ఆ కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంచడం తప్ప నాకేమీ తెలియదు.

పోయిన నెల ఒక సోమవారం రోడ్డు వెడల్పు చేసేవాళ్లొచ్చి, తూర్పు గోడకు పది అడుగుల లోపల సున్నంతో గీత గీశారు. గురువారం పొద్దున పని మొదలుపెడతామన్నారు. గీతలో పడే గోరీలను లోపలికి మార్చుకోవచ్చని, తప్పనిసరి అయినప్పుడు అది పాపం కాదని ఇమాం గారు చెప్పారు. గుర్తున్నవాళ్లు వచ్చి తమవాళ్లను చూపించుకున్నారు.

మాబూబీ వదినకు చూపించేవాళ్లు లేరు. ఆమె కూతురు అర్ఫా ఎనిమిదేళ్లప్పుడు జ్వరంతో పోయింది. పదకొండేళ్లయింది. మా ఊళ్లో ఆడవాళ్లు ఖబరస్తాన్ లోపలికి రారు. బిడ్డను మట్టిలో పెట్టిన రోజు ఆమె గేటు దగ్గరే ఆగిపోయింది. చోటు తెలిసిన ఆమె భర్త సలీం అన్న ఆరేళ్ల కిందట పోయాడు. అర్ఫా పోయినప్పుడు నేను గుంటూరు పత్తి జిన్నింగు మిల్లులో ఉన్నాను. బిడ్డను మోసినవాళ్లలో ఒకరు తూర్పు గోడ పక్కనన్నారు, ఒకరు కాదన్నారు.

ఆ సోమవారం సాయంత్రం ఆమె వచ్చి మా కొట్టు మెట్టు మీద కూర్చుంది.

"నా బిడ్డ మీద రోడ్డు పడుతుందో లేదో చెప్పు పీరూ. ఇంకేమీ అడగను."

బజారులో నెట్ సెంటర్ నడిపే అశోక్‌కు ఫోన్ చేశాను. చీరాలలో పెళ్లిలో ఉన్నానని, బుధవారం సాయంత్రానికి వచ్చి చూస్తానని అన్నాడు. అప్పటిదాకా ఆగాల్సింది. కానీ మంగళవారం పొద్దున కూడా ఆమె వచ్చి అదే మెట్టు మీద కూర్చుంది. సూది పరుపులోనే గుచ్చి లేచి మసీదు గదికి వెళ్లాను.

కంప్యూటర్ పక్కనే మాస్టారు వాడిన పుస్తకముంది. కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో రాసింది. వెనక అట్టకు ఒక పెన్‌డ్రైవ్ అంటించి ఉంది. నమాజుకు ముందులాగే కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని వచ్చి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. చిన్నప్పుడు మదర్సాలో మాకు నేర్పింది అదే. పుస్తకం మధ్యలోంచి తెరవకూడదు, ముందు పాఠం అప్పజెప్పకుండా తర్వాతి పాఠానికి పోకూడదు.

రెండు అధ్యాయాలు చదివాను. మూడో అధ్యాయంలో పనులున్నాయి. పెన్‌డ్రైవ్ పెట్టమంది, పెట్టాను. ఫలానా మీట నొక్కమంది, నొక్కాను. ఒక చోట తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది. అందులో చెరిపేయడం అనే మాట నాకు తెలిసిందే. చెయ్యి ఆగింది. పుస్తకం చూశాను. అక్కడ 'అవును' నొక్కమనే ఉంది. ఇంత చదువుకున్నవాళ్లు రాసిన పుస్తకం కన్నా నాకెక్కువ తెలుసా అనుకున్నాను. బిస్మిల్లా అని నొక్కాను.

గంట తర్వాత తెర కొత్తగా, శుభ్రంగా వెలిగింది. నాకు సంతోషమే వేసింది. ఐదో అధ్యాయంలో ఫైళ్లు వెతకడం ఉంది. అర్ఫా అని కొట్టాను. లేదంది. సలీం అని కొట్టాను, లేదంది. మాస్టారి పేరు కొట్టాను. మా అబ్బా పేరు కొట్టాను. ఊళ్లో పోయినవాళ్ల పేర్లు ఎన్ని గుర్తొస్తే అన్నీ కొట్టాను.

బుధవారం అశోక్ వచ్చి అటూ ఇటూ నొక్కి చూసి, నా వైపు తిరిగాడు.

"ఎంతవరకు చేశావు బాబాయ్?"

"మూడో అధ్యాయం మొత్తం."

"అది కొత్త మిషన్లో మొదటిసారి ఎక్కించేవాళ్లకి. ఇందులో లినక్స్ ఆల్రెడీ ఉంది కదా. మళ్లీ ఎక్కిస్తే లోపలున్నదంతా చెరిగిపోతుంది. నువ్వెందుకు చేశావ్?"

"పుస్తకంలో ఉంది."

అతను వైర్లు పీకాడు. గుంటూరులో చెరిగిపోయిన ఫైళ్లు వెనక్కి తీసేవాళ్లున్నారని, వారమో పది రోజులో పడుతుందని, దొరుకుతాయన్న నమ్మకం మాత్రం లేదని చెప్పి, కంప్యూటర్ పెట్టె ఒడిలో పెట్టుకుని ఆటో ఎక్కాడు.

ఆ మీట దగ్గర నా చెయ్యి ఆగినప్పుడు ఆపింది ఎవరు? అల్లాయే ఆపి ఉంటే, నేను ఆయన మాట తోసేసి పుస్తకం మాట విన్నానా? ఇమాం గారిని అడిగితే, నీ ఉద్దేశం మంచిదే కదా అన్నారు. ఉద్దేశంతో మాబూబీ వదినకు ఏం చెప్పను?

గురువారం తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక ఖబరస్తాన్‌కు వెళ్లేసరికి ఆమె గేటు బయట నిలబడి ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. సున్నం గీత వైపు చూసి, గేటు తోసుకుని లోపలికి వచ్చింది. అక్కడున్న మగవాళ్లు తలలు తిప్పుకున్నారే గానీ ఎవరూ వద్దనలేదు.

"ఏదో ఒకటి చూపించు" అంది. "ఇదే అని చెప్పు. నేను నమ్ముతాను."

వేలెత్తితే చాలు, ఆమెకు కూతురు దొరుకుతుంది. నా మీద మాట కూడా ఉండదు. కానీ 'ఇదే' అని నేనంటే ఆమె ఇంకేమీ అడగదు, నేను పుస్తకాన్ని అడగనట్టే.

"నాకు తెలియదు వదినా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత గోడ పొడవునా నడుస్తూ చిన్న గుట్టలు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లింది. గోడకూ గీతకూ మధ్య ఏడున్నాయి. లోపలివైపు ఎన్నో ఉన్నాయి.

"గీతలో పడే చిన్నవన్నీ తియ్యి" అంది.

రోడ్డు మీద జేసీబీ వచ్చి ఆగింది. డ్రైవర్ దిగలేదు. ఒక గంట ఆగమని అడగడానికి ఇమాం గారు వెళ్లారు. నేను మొదటి గుట్ట దగ్గర కూర్చుని చేతులతోనే మట్టి తీయడం మొదలుపెట్టాను. ఆమె ఎదురుగా కూర్చుని కొంగు పరిచింది. అది ఎవరి బిడ్డో ఇద్దరికీ తెలియదు.