ఊరగాయల గదిలో ప్లగ్గు

నతానియేలు ఫ్రిజ్ ప్లగ్గు పీకి, మెయిన్ బోర్డు దగ్గరికొచ్చి, కిందికి పడిపోయిన ట్రిప్ స్విచ్ పైకెత్తాడు. నిలబడింది. ఫ్రిజ్ మళ్ళీ పెట్టాడు. అప్పుడూ నిలబడింది. వాషింగ్ మిషను, ఇస్త్రీపెట్టె, హాల్లో ఫ్యాను, ఒక్కొక్కటీ తీసి పెట్టి చూస్తున్నాడు. తొమ్మిదింటికి మొదలైన పని, పదకొండు దాటింది. తొందర అనేది ఆయనకు అరవై ఒక్కేళ్ళుగా తెలియదు, ఇప్పుడు నేర్చుకునే ఉద్దేశమూ లేదు.

సన్నటి మనిషి. ఖాకీ చొక్కా జేబులో టెస్టరూ, గ్యాస్ మాత్రల అట్టా, అట్ట చిరిగిన కొత్త నిబంధన పుస్తకమూ ఉంటాయి. వినుకొండలో సగం ఇళ్ళకు వైరింగ్ చేసింది ఆయనే. అయినా ఆయనకు దుకాణం లేదు, బోర్డు లేదు, గృహప్రవేశాలకు పిలుపు అంతకన్నా లేదు. మేస్త్రీ పేరు అందరికీ గుర్తుంటుంది, గోడ లోపల తీగ లాగినవాడి పేరు ఎవడిక్కావాలి!

"అంకుల్, రెండింటికి నేను లాగిన్ అవ్వాలి," అంది అలేఖ్య, గది గుమ్మంలో నిలబడి. ఆ మాట అనడం అది నాలుగోసారి.

పాపం, ఆ పిల్ల భయం ఊరికే పుట్టింది కాదు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద ఒక బీమా కంపెనీకి ఫోన్లు మాట్లాడే ఉద్యోగం. తండ్రి పోయాక ఆ ఇల్లు నడిచేది ఆ జీతంతోనూ, తల్లి బాలసరస్వతి పెట్టి అమ్మే పచ్చళ్ళతోనూ. నెలరోజులుగా ఉన్నట్టుండి స్విచ్ ట్రిప్ అయి ఇల్లంతా కరెంటు పోతోంది. కంప్యూటర్‌కు యూపీఎస్ ఉందన్నమాటేగానీ మాటిమాటికీ పోయే కరెంటుకు దాని బ్యాటరీ ఏనాడో చచ్చింది. తొమ్మిదిసార్లు మాట మధ్యలో మాయమైపోయింది అలేఖ్య. పదోసారి అయితే ఇక రావద్దని నిన్న పైఅధికారి రాశాడు.

"ఆ ట్రిప్ స్విచ్ పీకేసి డైరెక్ట్ ఇచ్చెయ్యవయ్యా. ముందొచ్చిన ఇద్దరూ అదే చెప్పారు," అంది బాలసరస్వతి, వంటింట్లోంచే.

"ఆ ఒక్క పనీ నేను చెయ్యనమ్మగారూ."

"ఏం, చేతకాదా?"

"చేతనైందే. ఒకసారి చేశా."

ముప్పై ఏళ్ళ కిందటి సంగతి. కొండమ్మ అనే ఒంటరి మనిషి, ఫ్యూజు మాటిమాటికీ పోతోందని మొత్తుకుంటే లావుపాటి తీగ చుట్టి వచ్చాడు. వానాకాలం, కరెంటు దిగిన ఇనప స్తంభానికి ఒళ్ళు రుద్దుకున్న ఆమె పాడిగేదె అక్కడికక్కడే పడిపోయింది. కొండమ్మ తిట్టలేదు. "పోనీలే నాయనా, మనిషి కాదుగా," అంది. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాడు. ఆ తర్వాత ఎవరు ఎంత బతిమాలినా డైరెక్ట్ ఇవ్వలేదు. అందుకే ఆయన్ను పిలవడం మానేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఇంట్లో అన్నీ చూడటం అయింది. మిగిలింది ఒక్క గది.

"ఆ గదిలో ప్లగ్గు ఎవరూ చూళ్ళేదామ్మా?"

బాలసరస్వతి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అది ఊరగాయల గది. పదకొండు జాడీలు, పక్కన కారం కొట్టే గ్రైండరు. మడి కట్టుకుని తను తప్ప ఎవరూ గడప దాటరు, కన్నకూతురు కూడా. మడితో పెట్టిన పచ్చళ్ళని నమ్మే హైదరాబాదులో ఉన్న జనం కూడా తెప్పించుకుంటున్నారు. ముందొచ్చిన ఇద్దరినీ ఆ గుమ్మం దగ్గరే ఆపేసింది. గ్రైండరు వేసినప్పుడే ట్రిప్ అవుతోందని తెలిసి గ్రైండరు మార్చిందేగానీ, దాన్ని పెట్టే ప్లగ్గు జోలికి ఎవరినీ పోనివ్వలేదు.

"నేనే విప్పుతాను, నువ్వు బయటనుంచి చెప్పు," అంది చివరికి.

నతానియేలు మెయిన్ ఆపి, స్క్రూడ్రైవరు కడిగి, గడప మీద పెట్టాడు.

"ఎడంపక్కకి తిప్పండి. ఎడం తల్లీ, అది కుడి!"

"నాకూ తెలుసులేవయ్యా, చెయ్యి తిరగొద్దూ!"

మూత ఊడింది. లోపలంతా ఎర్రగా, జాడీ అడుగున మిగిలిన పచ్చడిలా ముద్ద కట్టి ఉంది. నతానియేలు ముసిముసిగా నవ్వాడు.

"దొరికావురా! ఉప్పూ కారమే అమ్మగారూ. గ్రైండరు తిరిగినప్పుడల్లా లేచి అందులో దూరింది. ఉప్పు చెమ్మ లాగుద్ది, ఆ చెమ్మలోంచి కరెంటు కారిపోద్ది. స్విచ్ పాపం మంచిదే, చెప్తానే ఉంది మనకి."

"తుడిచేస్తే పోతుందా?"

"తీగలు నల్లబడ్డయ్యి. కోసి కొత్తవి కలపాల. అమ్మాయి గదికి లైను ఇందులోంచే పోయింది, వదిలేస్తే ఇయ్యాళ కాకపోతే రేపు ఆరిపోద్ది. అది మీ వల్ల కాదమ్మా."

గడియారం పన్నెండున్నర చూపించింది. ఆ గదిలోకి మనిషిని రానివ్వమని అలేఖ్య తల్లిని అడగగలిగినన్నాళ్ళూ అడిగింది, ఇక ఆ ముఖంలో ఏడుపొక్కటే మిగిలింది. బాలసరస్వతి జాడీల వైపు చూసింది, కూతురి వైపు చూసింది. విసురుగా పూజగదిలోకి వెళ్ళి తను రోజూ కూర్చునే పీట తెచ్చి, ఆ ప్లగ్గు కింద వేసింది.

"చెప్పులు అక్కడ విడిచి దీని మీద నిలబడు. చెక్క కదా, షాకు కొట్టదు."

"దీని మీదా?" నతానియేలు కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మరి గాల్లో నిలబడతావా? రావయ్యా, టైమైపోతోంది."

ఆయన అరికాళ్ళు అంగీ అంచుతో తుడుచుకుని గడప దాటాడు. తీగలు కోస్తుంటే, గోరుతో గీకుతుంటే పొడి జలజలా రాలింది. ఇద్దరూ కళ్ళనీళ్ళు పెట్టుకుని తుమ్మారు. ఒకరి తర్వాత ఒకరు అలా ఆరేడుసార్లు తుమ్మేసరికి బయట అలేఖ్యకు నవ్వాగలేదు.

"ఈ విడత పచ్చళ్ళు మడివి కావని రాసేస్తానులే," అంది బాలసరస్వతి ముక్కు తుడుచుకుంటూ. "కొనేవాళ్ళు కొంటారు."

ఒంటిగంటన్నరకు పని ముగిసింది. నెట్ డబ్బా ప్లగ్గు గోడలో ఉండటం చూసి నతానియేలు నొచ్చుకున్నాడు. "కంప్యూటరు బతికి నెట్టు చస్తే ఏం లాభం పాపా?" అని, సంచిలోని కొత్త బ్యాటరీ యూపీఎస్‌లో వేసి, ఆ డబ్బాను కూడా దానికే తగిలించాడు. ఆపైన గుండెల మీద చేత్తో రాసుకుని ఒక గ్యాస్ మాత్ర మింగాడు.

"అన్నం తినవయ్యా ముందు."

"మా ఇంటిది రెబెకా గోంగూర పెట్టిందమ్మా, తింటా. పాప పని మొదలవనీయండి. మీరు గ్రైండరు ఆపకుండా వెయ్యండి, నేను అరుగు మీద కూర్చుని వింటా."

రెండయింది. అలేఖ్య కూర్చుంది. బాలసరస్వతి మిరపకాయలు పోసి గ్రైండరు వేసింది. అరుగు మీద స్తంభానికి ఆనుకుని, కాళ్ళు చాపి, నతానియేలు విన్నాడు. ఒక చెవికి గ్రైండరు రొద, ఇంకో చెవికి ఆ పిల్ల ఇంగ్లీషు. అందులో ఆయనకు ఒక్క ముక్కా తెలియదు. ఎక్కడా తెగలేదన్నది మాత్రం తెలుస్తోంది. ఆయనకు సంతోషంగా ఉంది. ఇంత సంతోషంగా ఉండి చాలాకాలమైంది కూడా. కళ్ళు మూసుకున్నాడు.

మూడింటికి బాలసరస్వతి మజ్జిగ తెచ్చింది. "ఏమయ్యా, నిద్రపోయావా?" అని భుజం మీద చెయ్యి వేసింది. తల పక్కకు వాలింది. ఆవిడ ఆయన పక్కనే కూలబడి, "అలేఖ్యా, లేచి రావే," అంది.

ఆ పిల్ల చెవులకున్నది తీసేసి పరుగెత్తుకొచ్చింది, ఉద్యోగం సంగతి తలుచుకోను కూడా లేదు. అంబులెన్సు వచ్చింది, అందులోవాళ్ళు చేసేదేమీ లేదని చెప్పారు. సాయంత్రం రెబెకా వచ్చి, ఆయన జేబు సర్ది, పుస్తకం తన కొంగులో కట్టుకుంది. "ఎప్పుడూ ఇంతే, తినకుండానే పని," అని ఏడ్చింది. బాలసరస్వతి ఆమె చేతులు పట్టుకుని తనూ ఏడ్చింది.

పని మధ్యలో ఎందుకు లేచావని మర్నాడు ఆఫీసువాళ్ళు అడిగారు. మా ఎలక్ట్రీషియన్ చనిపోయారు, కరెంటు మాత్రం పోలేదు అని రాసింది అలేఖ్య. చాలాసేపటికి, సరే, రెండింటికి రా అని జవాబొచ్చింది.

బాలసరస్వతి ఆ పూట ఊరగాయల గది తుడుస్తూ పీట కడుగుదామని ఎత్తింది. ఎత్తినదాన్ని పొడి చెదరకుండా మెల్లగా మళ్ళీ దించేసింది. పీటంతా ఎర్రటి కారం, మధ్యలో కారం అంటని చోట రెండు పాదాల మేర, వేళ్ళతో సహా, ఒట్టి చెక్క.